తంజావూరు ప్యాలెస్‌లో కంచు దేవుళ్లు: అమ్మను తీసుకెళ్లొచ్చా?

గుంటూరు_చిన్నోడు:
అందరికీ నమస్తే. వచ్చే నెల అమ్మతో నవగ్రహ గుళ్లకి వెళ్తున్నాను. రెండు రాత్రులు కుంభకోణం, ఒక రాత్రి తంజావూరు. పెద్ద గుడి (బృహదీశ్వరాలయం) ఎలాగూ చూస్తాం. ఆఫీసులో తమిళ ఫ్రెండ్ ఒకడు మాత్రం ప్యాలెస్‌లో ఉన్న ఆర్ట్ గ్యాలరీ చూడకపోతే తంజావూరు చూడనట్టే అని ఒకటే పోరు. అమ్మకు చెప్తే "గుడి లేని దేవుణ్ణి చూడ్డానికి టికెట్టు కొనాలట్రా?" అంది. ఆవిడకి 68, మోకాళ్ల నొప్పులు. పట్టుబట్టి తీసుకెళ్లాక అక్కడ విసుక్కుంటే నా పని అయిపోయినట్టే. వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, పెద్దవాళ్లకు అక్కడ చూసేందుకు ఏమన్నా ఉంటుందా?

కావేరి_గట్టు:
తమ్ముడూ, నేను తిరుచ్చిలో పద్నాలుగేళ్లుగా ఉంటున్నా. చుట్టాలు ఎవరొచ్చినా తంజావూరు తిప్పే డ్యూటీ నాదే. తీసుకెళ్లు. పెద్ద గుడి నుంచి ప్యాలెస్‌కి ఆటోలో పది నిమిషాలు పట్టదు, పాత ఊరి మధ్యలోనే ఉంటుంది. పొద్దున్నే గుడి చూసేయండి. మధ్యాహ్నం గర్భగుడి మూసేస్తారు, పైగా ఆ రాతి పలకల మీద ఎండ పొద్దెక్కితే కాళ్లు కాలతాయి. టిఫిన్ అయ్యాక ప్యాలెస్.

ఒక్క మాట ముందే చెప్తున్నా. "ప్యాలెస్" అంటే మైసూరు లాంటిది ఊహించుకోవద్దు. గోడలకు సున్నం రాలిపోయి, పావురాలు తిరుగుతూ ఉంటాయి. ఆవరణలో ఒక్కో భాగానికీ టికెట్టు వేరు. మీకు కావాల్సింది ఆర్ట్ గ్యాలరీ, దాని తర్వాత ఓపిక ఉంటే సరస్వతీ మహల్ మ్యూజియం. గంట గోపురం మెట్లు మాత్రం అమ్మగారితో వద్దు.

కరీంనగర్_పోరి:
తిమింగలం అస్థిపంజరం ఉన్నది అక్కడే కదా అన్నా? మా తమ్ముడు స్కూల్ టూర్‌కు పోయి వచ్చి దేవుళ్ల గురించి ఒక్క ముక్క చెప్పలే, తిమింగలం గురించే వారం రోజులు చెప్పిండు 😀

కావేరి_గట్టు:
అక్కడే. తరంగంబాడి ఒడ్డుకు కొట్టుకొచ్చినదట. పిల్లలంతా దాని దగ్గరే ఆగిపోతారు.

రాయీ_రప్పా:
చిన్నోడు గారూ, మీరు నవగ్రహ గుళ్లకి వెళ్తున్నారంటే బుధుడి కోసం తిరువెంకాడు వెళ్తారు కదా? అయితే మీ అమ్మగారి ప్రశ్నకు జవాబు ఆ గుడిలోనే ఉంది.

ఈ గ్యాలరీలో అందరూ ముందు నిలబడిపోయే విగ్రహం వృషభవాహనుడు, అంటే శివుడు. మూడడుగుల పైన ఉంటుంది. అది తిరువెంకాడు గుడిదే. 1011లో, అంటే రాజరాజ చోళుడు పెద్ద గుడి పూర్తిచేసిన మరుసటి ఏడాది, తిరువెంకాడులో ప్రతిష్ఠించారు. పక్కన ఉన్న అమ్మవారు ఆ తర్వాతి ఏడాది. ఈ సంగతి అక్కడి శాసనాలే చెప్తున్నాయి. తర్వాత ఎప్పుడో వాటిని మట్టిలో పాతిపెట్టారు. 1311లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ దండు దక్షిణానికి వచ్చినప్పుడు ఇలా చాలా ఊళ్లలో దాచారని చరిత్రకారులు అంటారు. 1950ల మొదట్లో తవ్వితే ఇవి బయటపడ్డాయి. తంజావూరు గ్యాలరీ పెట్టింది కూడా 1951లోనే, సరిగ్గా సమయానికి చోటు దొరికింది.

స్వామికి రెండే చేతులు. కాలు మీదుగా కాలు వేసి, నడుం కాస్త వంచి, చాలా తీరిగ్గా నిలబడి ఉంటాడు. జడలు తలపాగాలా చుట్టి, వాటిలో పాములు. ఒక చెయ్యి గాల్లో వంగి ఉంటుంది, దేని మీదో ఆనించినట్టు. ఆ "దేని మీదో" నంది. ఎద్దు దొరకలేదు, చెయ్యి మాత్రం ఇంకా అలాగే ఉంది. నేను మూడుసార్లు చూశాను. మూడుసార్లూ నా కళ్లు ఆ చేతి కింద ఖాళీ మీదికే వెళ్లాయి.

నెల్లూరు_సుబ్బన్న:
అంతా బాగానే ఉంది గానీ అసలు సంగతి ఎవరూ అనడం లేదు. తిరువెంకాడు స్వామి తిరువెంకాడులో ఉండాలి. అక్కడ గుడి ఉంది, పూజారులున్నారు, రోజూ దీపం పెడుతున్నారు. మరి ఇక్కడ గాజు పెట్టెలో ఎందుకు? అమ్మగారు అడిగిందాంట్లో తప్పేముంది? విగ్రహం పూజ కోసం చేసింది, షోకేసు కోసం కాదు.

కావేరి_గట్టు:
సుబ్బన్న గారూ, చట్టం అలా ఉంది. భూమిలో దొరికిన నిధి విషయంలో 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు అప్పజెప్పాలి. పొలం దున్నుతుంటే దొరికినా, గుడి ప్రాకారం పునాది తీస్తుంటే దొరికినా అంతే. అలా చేరినవే మద్రాసు మ్యూజియంలోనూ ఇక్కడా చాలావరకు ఉన్నాయి.

నెల్లూరు_సుబ్బన్న:
తెల్లవాడు రాసిన చట్టం. అతని లెక్కలో అది "నిధి", మన లెక్కలో స్వామి.

రాయీ_రప్పా:
ఆ మాటకు నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆగమం వైపు నుంచి కూడా చూడండి. గుడిలో మరమ్మతులు వస్తే కళాకర్షణ చేసి, విగ్రహంలోని శక్తిని కలశంలోకి తీసుకుంటారు. మన తిరుమలలో బాలాలయం అప్పుడు జరిగేది అదే. ఆరేడు వందల ఏళ్లు మట్టిలో ఉన్న విగ్రహానికి మళ్లీ ప్రాణప్రతిష్ఠ చేయకుండా పూజ ఎలా? అందుకే కొందరు అర్చకులే ఈ విగ్రహాల ముందు నమస్కారం పెట్టరు, కొందరు పెడతారు. ఇద్దరినీ నా కళ్లతో చూశాను.

రిటైర్డ్_కెమిస్ట్రీ:
నేను కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నాదొక చిన్న మాట. విగ్రహం మట్టిలో ఉందా, పూజలో ఉందా అన్నది రంగు చూసే చాలావరకు చెప్పొచ్చు. ఆకుపచ్చ పొర గట్టిగా పట్టి ఉంటే మట్టిలోంచి వచ్చింది. ముక్కు, చెక్కిళ్లు నున్నగా అరిగి, గోధుమ రంగులో మెరుస్తుంటే తరాల తరబడి అభిషేకాలు, తుడుపులు అయినది. కళ్లు అరిగిపోతే కంసాలి చేత మళ్లీ చెక్కించేవారు కూడా. మట్టిలో ఉన్నవాటి నగిషీ అందుకే ఇంత పదునుగా మిగిలింది. పూజలో ఉండుంటే ఆ జడల్లోని పాములు ఈపాటికి కనిపించేవి కావు.

ఇంకోటి. మట్టిలోని ఉప్పు కంచులోకి చేరితే, తేమ తగిలినప్పుడల్లా లేత ఆకుపచ్చ పొడి రాలుతూ లోహాన్ని తినేస్తుంది. కంచుకు పట్టే రోగం అంటారు దాన్ని. అలాంటి విగ్రహాన్ని రోజూ పాలతో, పెరుగుతో అభిషేకం చేసే చోట పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సుబ్బన్న గారికి కోపం రావచ్చు గానీ, కొన్ని విగ్రహాలకు పొడి గదే మేలు.

నెల్లూరు_సుబ్బన్న:
కోపం ఏముంది సార్. మీరు లోహం గురించి మాట్లాడుతున్నారు, నేను లోహం గురించి మాట్లాడడం లేదు. అంతే.

డల్లాస్_అత్తయ్య:
ఈ గొడవ మా ఇంట్లోనూ ఉంది. న్యూయార్క్‌లో మెట్ మ్యూజియంకు వెళ్లినప్పుడు చోళుల పార్వతి విగ్రహం ముందు మావారు చేతులు జోడించారు. మా అమ్మాయి "నాన్నా, ఇది గుడి కాదు" అంది. ఆయన "గుడి కాదని నాకు తెలుసు, నేనెవరో ఆమెకు తెలుసు" అన్నారు. నేను మాత్రం చెప్పులతో నిలబడి దణ్ణం పెట్టాలా వద్దా అని అక్కడే అయిదు నిమిషాలు తికమకపడ్డాను. ఆ చలిలో బూట్లు విప్పే ధైర్యం లేకపోయింది.

విదేశాల్లో చూస్తే వచ్చే అనుమానం ఒకటే, ఇది ఇక్కడికి ఎలా వచ్చింది అని. తంజావూరులో ఆ బాధ లేదు. తిరువెంకాడు నుంచి వంద కిలోమీటర్ల లోపే కదా వచ్చాడు స్వామి.

రాయీ_రప్పా:
అత్తయ్య గారు మంచి సంగతి ఎత్తారు. పత్తూరు నటరాజు కేసు ఎంతమందికి గుర్తుందో. 1976లో పత్తూరులో ఒక కూలీకి నేల తవ్వుతుంటే దొరికిన నటరాజు చేతులు మారి లండన్ చేరాడు. కేసు అక్కడి కోర్టుకెళ్తే, గుడి తరఫున శివలింగాన్నే చట్టం ముందు వ్యక్తిగా నిలబెట్టి దావా నడిపారు. గెలిచారు. 1991లో విగ్రహం తిరిగొచ్చింది. దేవుడు తన విగ్రహం కోసం లండన్‌లో దావా వేసి గెలిచాడంటే మా నాన్నగారు నమ్మలేదు, పేపరు కటింగు చూపించాల్సి వచ్చింది.

ఇంకొన్ని శ్రీపురందాన్ నటరాజులా ఆస్ట్రేలియా దాకా వెళ్లి 2014లో తిరిగొచ్చాయి. వాటిని మనవే అని రుజువు చేయడానికి ఎక్కువగా పనికొచ్చినవి పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1956 నుంచి గుడి గుడికీ తిరిగి తీసిన ఫోటోలు. ఎవరికి ఏ పని ఎప్పుడు అక్కరకొస్తుందో చూడండి.

సుబ్బన్న గారూ, గుడికి తిరిగివ్వాలన్న మాట నాకూ ఇష్టమే. కానీ తాళం కప్ప ఒకటి, కాపలాకు ముసలాయన ఒకడు ఉన్న ఊరి గుళ్లలోంచే ఎక్కువ పోయాయి.

నెల్లూరు_సుబ్బన్న:
అది నిజం. మా ఊళ్లోనూ ఉత్సవమూర్తులు పండక్కి తప్ప బయటికి రావు, మిగతా రోజులు ఇంకో పెద్ద గుడి లాకర్లో ఉంటారు. మ్యూజియం అయితే కనీసం కనిపిస్తారు, సరే.

మోడరేటర్:
చర్చ బాగుంది, ఇలాగే నడవనివ్వండి. రాజకీయాల వైపు వెళ్లిన రెండు వ్యాఖ్యలు తీసేశాను.

కరీంనగర్_పోరి:
నాదొక డౌటు. ఈ విగ్రహాలు అచ్చులో పోసినయ్యే కదా, మరి ఒకటే రకం రెండు ఎందుకు దొరకవు?

కావేరి_గట్టు:
అచ్చు ఒక్కసారికే చెల్లీ. స్వామిమలై వెళ్తే ఇప్పటికీ చూడొచ్చు, కుంభకోణం పక్కనే. ముందు తేనె మైనంలో గుగ్గిలం కలిపి విగ్రహం చేస్తారు. కొలతలు టేపుతో కాదు, కొబ్బరాకు ఈనె తీసేసి ఆకును మడతలు పెట్టి. దాని మీద కావేరి ఒండ్రుమట్టి పొరలు పొరలుగా పూసి ఆరబెడతారు. కాల్చితే మైనం కరిగి బయటికొచ్చేస్తుంది, లోపల ఖాళీ. అందులో లోహం పోస్తారు. చల్లారాక మట్టి పగలగొట్టాల్సిందే. మైనమూ లేదు, అచ్చూ లేదు. ఇంకోటి కావాలంటే మళ్లీ మొదటి నుంచి. దేవతా విగ్రహాలైతే బోలుగా పోయరు, నిండుగానే పోస్తారు. అందుకే చిన్నది ఎత్తినా చెయ్యి లాగుతుంది.

గ్యాలరీలో పీఠాలు చూడండి. రంధ్రాలు, కొంకీలు ఉంటాయి. ఊరేగింపులో వాహనానికి కట్టడానికి, బొంగులు దూర్చడానికి అవి. ఇవి నిలబెట్టి చూసే బొమ్మలు కావు, వీధుల్లో తిరిగిన స్వాములు. పూలు, పట్టుబట్టలు, నగలు వేసి ఊరేగిస్తే జనానికి ముఖం తప్ప కనిపించేది కాదు. ఒంటి మీద ఇంత నగిషీ ఎవరి కోసం చేశారో అని నాకెప్పుడూ ఆశ్చర్యమే.

కృష్ణా_జిల్లా_కోడలు:
చిన్నోడు గారూ, అమ్మగారికి కళ్యాణసుందరుణ్ణి తప్పకుండా చూపించండి, అదీ తిరువెంకాడు నుంచి వచ్చిందే. శివపార్వతుల పెళ్లి. విష్ణువు కన్యాదానం చేస్తూ, వెనక లక్ష్మి. పార్వతి తల కాస్త వంచుకుని, చెయ్యి ఆయన చేతిలో పెట్టి, ఇష్టం ఉన్నా ముందుకు రాని పెళ్లికూతురిలా ఉంటుంది. మా అత్తగారు అరగంట దాని దగ్గరే ఉన్నారు. "పీటల మీద కూర్చున్న మన లక్ష్మిలా ఉంది" అన్నారు. లక్ష్మి అంటే దేవత కాదు, మా ఆడపడుచు.

దారాసురం నుంచి తెచ్చిన రాతి గజసంహారమూర్తి ముందు కూడా ఆగండి. ఏనుగు తోలు చీల్చుకుని స్వామి నాట్యం చేస్తుంటే పార్వతి బిడ్డను ఎత్తుకుని భయపడి పక్కకు జరిగిపోతుంది. ఒంటిని ఎంత మెలితిప్పాడంటే పాదం అడుగు కూడా కనిపిస్తుంది.

బందరు_బాబాయ్:
మన తెలుగువాళ్లు తంజావూరు వెళ్లి మన సంగతి మర్చిపోతే ఎలా? ఆ ప్యాలెస్ మొదలుపెట్టింది నాయక రాజులు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు. చేమకూర వెంకటకవి ఇక్కడి రఘునాథ నాయకుడి కొలువులోనే ఉన్నాడు. 1673లో నాయకుల పాలన పోయి మరాఠాలు వచ్చినా తెలుగు పోలేదు, వాళ్లూ తెలుగులో యక్షగానాలు రాశారు. నాయకుల దర్బారు హాల్లో విగ్రహాల మధ్య సెర్ఫోజీ మహారాజు పాలరాతి విగ్రహం ఉంటుంది, చెక్కినవాడు ఒక ఇంగ్లండు శిల్పి. చుట్టూ చోళ దేవుళ్లు, పైన నాయకుల కప్పు, మధ్యలో మరాఠా రాజు, ఉలి ఇంగ్లండుది. ఒక్క గదిలో ఇంతమంది!

పెద్ద గుడి గోడల మీద మనవాళ్లు ఒక ఘనకార్యం కూడా చేశారు. చోళుల కుడ్యచిత్రాల మీదే కొత్త పూత పూసి నాయకుల చిత్రాలు వేయించారు. 1931లో గోవిందస్వామి అనే పండితుడు అడుగు పొర కనిపెట్టేదాకా ఎవరికీ తెలియదు. తర్వాత పురావస్తు శాఖవాళ్లు పైపొరను చెడకుండా విడదీసి కింది చిత్రాలను బయటపెట్టారు.

రాయీ_రప్పా:
బాబాయ్ గారూ, గొప్పలు చెప్తూనే మనవాళ్ల తప్పు కూడా ఒప్పేసుకున్నారు, అది నచ్చింది 🙂

బందరు_బాబాయ్:
తప్పేముందమ్మా, పాత ఇంటికి కొత్త సున్నం వేసినట్టు వేశారు. ఇంకోటి, పడమటి వీధిలో బంగారు కామాక్షి గుడి వదలొద్దు. ఆ అమ్మవారు కంచి నుంచి వలస వచ్చింది. యుద్ధాల భయానికి అమ్మవారిని తీసుకుని అర్చకులు ఊళ్లు తిరిగి చివరికి తంజావూరు చేరారు. ఆ అర్చకుల ఇంటివాడే శ్యామశాస్త్రి. అమ్మవారి మీద ఆయన కట్టిన కృతులు ఎక్కువ తెలుగులోనే. మట్టిలో దాచిన దేవుడు మ్యూజియంలో ఉన్నాడు, చంకనెత్తుకుని పరుగెత్తిన దేవత ఇంకా పూజలో ఉంది. రెండూ ఒకే పూట చూడొచ్చు, నడిచేంత దూరం.

నెల్లూరు_సుబ్బన్న:
బాబాయ్, ఈ ఒక్క మాట కోసమైనా ఈ చర్చ చదివినందుకు సంతోషం.

గుంటూరు_చిన్నోడు:
అందరికీ చాలా థాంక్స్. అమ్మకు ఇదంతా ఫోన్లో చదివి వినిపించాను. కళ్యాణసుందరుడి దగ్గర "ఊ" అంది. వెళ్లొచ్చాక రాస్తాను.

గుంటూరు_చిన్నోడు (అయిదు వారాల తర్వాత):
వెళ్లొచ్చాం. ఆలస్యమైంది, క్షమించండి.

ముందు కష్టం చెప్పేస్తాను. మేం మాట్లాడుకున్న ట్రావెల్స్ డ్రైవరు "మ్యూజియం ప్యాకేజీలో లేదు" అని పెద్ద గుడి దగ్గర దింపేసి భోజనానికి వెళ్లిపోయాడు. కావేరి అన్న చెప్పినట్టు ఆటోలో వెళ్లాం, అదే మంచిదైంది. తొందరపెట్టేవాడు లేడు.

తిరువెంకాడులో బుధుడికి అంతకు రెండు రోజుల ముందే అమ్మ దీపాలు పెట్టింది. గ్యాలరీలో వృషభవాహనుడి ముందు బోర్డు చదివి చెప్పాను, ఊరి పేరు వినగానే దగ్గరికొచ్చింది. రాయీ_రప్పా గారు రాసినవి నేను చెప్దామనుకునేలోపే "ఎద్దేదిరా?" అంది. దొరకలేదమ్మా అంటే, వెనక్కి తిరిగి గది అంతా ఒకసారి చూసింది, అక్కడెక్కడైనా పెట్టారేమో అన్నట్టు. తర్వాత సంచిలోంచి తిరువెంకాడు విభూతి పొట్లం తీసింది. కాపలా ఆయన దూరం నుంచే చెయ్యి ఊపాడు. పొట్లం మళ్లీ సంచిలో పెట్టేసి, ఆయనకు తెలుగులో "ఈ స్వామి అక్కడివాడే నాయనా, పరాయిది కాదు" అని చెప్పింది. ఆయన తమిళంలో ఏదో అని నవ్వాడు. ఇద్దరికీ అర్థమైనట్టే ఉంది.

కళ్యాణసుందరుడి దగ్గర కృష్ణా జిల్లా కోడలు గారి అత్తగారి రికార్డు బద్దలైంది. అక్కడి నుంచే మా పిన్నికి ఫోన్ చేసి పార్వతి వడ్డాణం ఎలా ఉందో వర్ణించింది. తిమింగలం దాకా వెళ్లే ఓపిక మిగల్లేదు, కరీంనగర్ చెల్లికి సారీ. సాయంత్రం బంగారు కామాక్షి గుడికి వెళ్లాం, జనం తక్కువ, దర్శనం తీరిగ్గా అయింది.

సుబ్బన్న గారూ, దారిలో "నీకేమనిపించింది, ఆ విగ్రహం గుడికి పంపాలా?" అని అడిగాను. "పంపితే ఎద్దును కూడా చేయించి పంపాలి" అంది. అంతకుమించి ఏం మాట్లాడలేదు.

నెల్లూరు_సుబ్బన్న:
అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. స్వామిమలైలో ఎద్దు ఒకటి పోయించడం ఎంతసేపు!

డల్లాస్_అత్తయ్య:
చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది చిన్నోడూ. ఒక్కటి చెప్పు, నా పాత డౌటు. చెప్పులు ఏం చేశారు?

గుంటూరు_చిన్నోడు:
అమ్మ గడప దగ్గరే విప్పేసింది అత్తయ్యా. విప్పక్కర్లేదని టికెట్టు ఆయన రెండుసార్లు చెప్పినా వినలేదు. బయట వదిలితే పోతాయని నేను వాటిని చేత్తో పట్టుకుని గ్యాలరీ అంతా తిరిగాను. నా కాళ్లకు మాత్రం నా చెప్పులు ఉన్నాయి.